800 తర్వాతి బండి

బండి మార్చే పని ఒక పొడుగు లెక్కల పుస్తకంతో మొదలవుతుంది. అచ్యుతాపురంలో ఉంటున్న మా పెద్దబావ రిటైరైన హెడ్మాస్టరు. 2005లో మారుతి 800 కొన్న రోజు నుంచీ ఆయన ఈ పుస్తకం రాస్తూనే ఉన్నారు. ఎడమ పేజీలో తేదీ, కిలోమీటర్లు, పోయించిన పెట్రోలు ఉంటాయి. కుడి పేజీలో మార్చిన సామాను, మెకానిక్‌కి ఇచ్చిన డబ్బు. కొత్త బండి ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడా దొరకదు. ఇంటికి ఎలాంటి బండి కావాలో ఆ ఇంటివాళ్లకన్నా వాళ్ల పాత బండికే బాగా తెలుసు.

బండి మూలపడిందని కాదు మారుస్తున్నది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ ఇప్పటికీ ఒక్క తాళానికే అందుకుంటుంది. 1983 డిసెంబరు 14న మొదటి బండి బయటికొచ్చింది, 2014 జనవరి 18న తయారీ ఆగింది, అయినా ఈ మోడల్‌కి సామాను నేటికీ దొరుకుతోంది. చిక్కల్లా ఆర్సీతో వచ్చింది. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, 2020లో, ఐదేళ్లకి రెన్యువల్ చేయించారు. ఆ ఐదేళ్లూ అయిపోయాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం ఇరవయ్యేళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. అది కట్టినా బండిని తనిఖీకి నిలబెట్టాలి. నిలబెట్టాలంటే ముందు ఫ్లోరు మళ్లీ వెల్డింగ్ చేయించాలి.

ఆ ఫ్లోరు చరిత్రంతా పుస్తకంలో ఉంది. 2014లో హుద్‌హుద్ తర్వాత డ్రైవరు కాళ్ల కింద ఒక ముక్క వేయించారు. కొన్నాళ్లకి వెనక సీటు కింద, ఆ తర్వాత రెండు పక్కల గుమ్మాల కింద. పూడిమడక సముద్రం దగ్గరలోనే ఉంది. ఉప్పుగాలి ఇంజన్ని ఏమీ చేయలేదు కానీ రేకుని కింద నుంచి తినేసింది. ఈ ఊరి బండికి మొదటి శత్రువు తుప్పే అన్న సంగతి కుడి పేజీ తేల్చేస్తుంది. ఎంపికలో మొదటి షరతు అదే.

ఎడమ పేజీ నుంచి రెండో షరతు తీస్తాం. నెలకి సగటున 550 కిలోమీటర్లు తిరుగుతున్నారు. అనకాపల్లి వెళ్లిరావడాలు ఎక్కువ, విశాఖలో ఆసుపత్రికి నెలకోసారి. 800 ఇచ్చే 18 కిలోమీటర్ల మైలేజీకి ముప్ఫై లీటర్లు, అంటే 3,300 రూపాయల పైచిలుకు. ఇంత తక్కువ తిరుగుడుకి డీజిల్ బండి దండగ. బీఎస్-6 డీజిల్ బళ్లకి సైలెన్సర్ దారిలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద వేడెక్కేలా తోలితేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది. ఊళ్లో తిరిగే బండికి అది పూడిపోయి ఖర్చు పెడుతుంది. ఎలక్ట్రిక్ బండి నాకు నచ్చిన దారే గానీ బావ అనుకున్న నాలుగున్నర లక్షల్లో మంచిది దొరకదు. కాబట్టి పెట్రోలే.

ఇక కొత్తదా, పాతదా. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఆల్టో కె10 షోరూం ధర 3.70 లక్షల దగ్గరికొచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు కూడా ఇస్తున్నారు. కొత్తది కొనేద్దామన్న ఆశ పుట్టేది ఇక్కడే. కానీ అక్క ఆ కారులో కూర్చుని లేవబోతే మోకాలు సహకరించలేదు. ఎడమ చేత్తో డోరు, కుడి చేత్తో డాష్‌బోర్డు పట్టుకుని లేవాల్సి వచ్చింది. ఆసుపత్రి ప్రయాణాలన్నీ ఆ మోకాలి కోసమే కదా. ఎత్తుగా ఉండే సీటు, బాగా వెడల్పుగా తెరుచుకునే తలుపు: ఇది మూడో షరతు. కొనేవాళ్లు దీన్ని టేపు పెట్టి కొలవక్కర్లేదు. ఎక్కువసార్లు ఎక్కి దిగాల్సిన మనిషిని తీసుకెళ్లి వరసగా ఐదుసార్లు ఎక్కించి దించితే చాలు. ఐదోసారి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

నాలుగో షరతు నేను పట్టుబట్టి పెట్టించింది. సెజ్ వచ్చాక అచ్యుతాపురం రోడ్డు మారిపోయింది. బ్రాండిక్స్ బట్టల కంపెనీ బస్సులు, ఫార్మా ట్యాంకర్లు, కంటైనర్లు. ఆ రోడ్డు మీద 800 లాంటి పల్చని రేకులో వెళ్లడం నాకు ఎప్పుడూ భయమే. పాత బండి కొనేటప్పుడు తయారైన తేదీ చూస్తే అందులో ఏ రక్షణ ఉందో చాలావరకు చెప్పొచ్చు. 2019 ఏప్రిల్ నుంచి బ్రేకులకి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ జులై నుంచి డ్రైవరుకి ఎయిర్‌బ్యాగు, రివర్స్ సెన్సార్లు. ఆ అక్టోబరు నుంచి ముందు గుద్దుడు పరీక్ష పాత మోడళ్లకీ వర్తించింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. 2021 ఆఖరుకి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి తట్టుకునే సామాను. ఒక్కో తేదీ ఒక్కో మెట్టు. మా డబ్బుకి 2021 మెట్టు దాకా అందుతుందని లెక్క తేలింది.

ఇప్పుడు పేర్లు. వ్యాగన్-ఆర్ అక్కకి బాగా కుదిరింది, కుర్చీలో కూర్చున్నట్టే ఎక్కేసింది. కానీ గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో దానికి 2019లో రెండు నక్షత్రాలు, నియమాలు కఠినం చేశాక 2023లో ఒకటే. టియాగోకి 2020లో నాలుగు నక్షత్రాలు వచ్చాయి, కానీ సీటు కిందికుంది. రెండూ కలిసిన బండి టాటా పంచ్. 2021 అక్టోబరులో వచ్చింది, ఐదు నక్షత్రాలు, ఎత్తైన సీటు, తలుపు దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. 1,199 సీసీ, మూడు సిలిండర్లు. నాలుగు సిలిండర్ల బండి తోలినవాళ్లకి ఆ వణుకు నచ్చదు, ఇరవయ్యేళ్లు 800 తోలిన బావకి అది తెలియనే లేదు. ధర మాత్రం ఐదు దాటుతుంది. ఒక రాత్రి ఆలోచించుకుని బావ ఇంకో డెబ్భై ఐదు వేలకి ఒప్పుకున్నారు.

ఇక్కడి నుంచి పని మేస్త్రి చేతికి వెళ్తుంది. గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు ఉన్న మనిషి. బండి చూసి చెప్పడానికి 1,500 తీసుకుంటాడు. కొన్నా కొనకపోయినా అంతే. అమ్మేవాడి దగ్గర పైసా ముట్టడు. కమీషన్ మీద బతికే మధ్యవర్తికీ ఇతనికీ ఉన్న తేడా అంతా ఆ నియమంలోనే ఉంది. బండి దగ్గరికి వెళ్లే ముందే ఫోన్‌లో పది నిమిషాలు కాగితాల పని చేస్తాడు. నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఫైనాన్సు ఉందా, బీమా ఎప్పటిదాకా, చలాన్లు ఎన్ని, అన్నీ చూస్తాడు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 16 అంటే కృష్ణా అని నంబరు ప్లేటు చూసి చెప్పే రోజులు పోయాయి. అందుకే ఆర్సీ మీద అడ్రసు అడుగుతాడు.

మొదటి బండి ఒక కన్సల్టెన్సీలో. పాత కార్లు కొని అమ్మే దుకాణాన్ని మన వైపు అలాగే అంటారు. కడిగి, పాలిష్ పట్టి, లోపల సెంటు కొట్టి పెట్టారు. ఆర్సీ అడ్రసు విజయవాడ. మేస్త్రి బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవరు సీటుబెల్టు పట్టుకుని ఆఖరి జానెడు బయటికొచ్చేదాకా నెమ్మదిగా లాగాడు. మామూలుగా ఎవరూ లాగని ఆ జానెడులో పసుపుపచ్చటి మరక, అంచులో సన్నని మట్టి గీత. తర్వాత సీటు వెనక్కి తోసి పట్టాల బోల్టులు చూపించాడు, తుప్పు పట్టి గరుకుగా ఉన్నాయి. స్టెప్నీ గుంటలో మూల మట్టి గోటికి తగిలింది. “సూడండి మాస్టారూ, నీరు సీటు మీదకెక్కిందండి. పైనంతా తుడిసీసేరు, బెల్టు లోపల తుడవలేరు కదండీ.” 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో మునిగిన బళ్లు ఊళ్లు మారి తిరుగుతున్నాయి. మునిగిన బండిలో ఇంజన్ బాగుచేయొచ్చు. వైర్ల కనెక్టర్లలో పట్టిన పచ్చటి చిలుము మాత్రం రెండేళ్లయ్యాక ఒక్కొక్కటిగా బయటపడుతుంది. ధర ఎంత తగ్గిస్తామన్నా వద్దని లేచాం.

రెండోది అనకాపల్లిలో, సొంత ఓనరు దగ్గర. సెజ్‌లో ఇంజనీరు, బదిలీ మీద వెళ్తున్నాడు. 2021 డిసెంబరు రిజిస్ట్రేషన్, రీడింగ్ 38,000. ఉదయం ఆరున్నరకి వస్తామని, అప్పటిదాకా బండి స్టార్టు చేయొద్దని ముందు రోజే చెప్పించాడు మేస్త్రి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. అయినా స్టార్టు చేయలేదు, ముందు రేకు చదవాలి.

అతని దగ్గర అగ్గిపెట్టెంత మీటరు ఉంది. రేకు మీద ఆనిస్తే పెయింటు మందం మైక్రాన్లలో చెబుతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 140 మధ్య ఉంటుంది. రెండు వందలు దాటితే మళ్లీ పెయింటు పడిందని, ఐదొందలు దాటితే కింద పుట్టీ ఉందని అర్థం. పుట్టీ అంటే సొట్ట పూడ్చే లప్పం. ఒక్కో రేకు మీద నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, ఐదు చోట్ల ఆనిస్తాడు. మొదట పైకప్పు కొలుస్తాడు, అక్కడ గీతలు పడే అవకాశం తక్కువ కాబట్టి బండి అసలు లెక్క అదే. 108, 112, 110. బానెట్ అంతే. కుడి ఫెండర్ 121. ఎడమ వెనక తలుపు దగ్గర 255. ఓనరు తనంతట తానే గేటు గీసుకుందని ఒప్పుకున్నాడు. అంకె ఐదొందల లోపే ఉంది కాబట్టి పుట్టీ లేదు, మాట నిజమే.

మీటరు ఇంతవరకే చెబుతుంది, మిగతాది కన్ను చెప్పాలి. తలుపు బిగించే బోల్టుల తలల మీద పెయింటు చెక్కుచెదరకుండా ఉండాలి. పానా పడితే అంచు రాలుతుంది. రబ్బరు బీడింగు పీకితే కింద అంచు పొడుగునా చిన్న చిన్న గుండ్రటి గుంటలు సమాన దూరంలో కనిపిస్తాయి, అవి కంపెనీ రోబో వేసిన స్పాట్ వెల్డింగ్ గుర్తులు. టింకరింగ్ షెడ్డులో అంత సమంగా రావు. బానెట్ కింద చక్రాల పైనుండే అప్రాన్ రేకుల్లో మడత గానీ ముడత గానీ ఉంటే బండి ముందు గట్టిగా గుద్దిందన్నమాట. మేస్త్రి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తాడు. ఎదురుగా వేస్తే ముడతలు దాక్కుంటాయి. ఆఖరున ఛాసిస్ నంబరు. ఎంఏటీ అని మొదలై పదిహేడు అక్షరాలు, అక్షరాల లోతు ఒకేలా ఉందా, చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా, ఆర్సీతో అక్షరం అక్షరం కలుస్తుందా. వేలితో తడుముతూ చదివాడు, బావ ఆర్సీ పట్టుకుని పాఠం అప్పజెప్పించుకున్నట్టు వింటూ సరిచూశారు.

ఇప్పుడు స్టార్టు. మేస్త్రి వెనక సైలెన్సర్ దగ్గర నిలబడి ఓనర్ని తాళం తిప్పమంటాడు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజన్ బోరుకి వచ్చినట్టు. నల్లటిది వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. చలిలో కాసేపు వచ్చే తెల్ల ఆవిరి మామూలే, వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంటు సిలిండర్లోకి దిగుతోంది. ఇక్కడ ఆవిరి వచ్చింది, పోయింది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి అరచెయ్యి అడ్డం పెట్టాడు. లోపల నుంచి గాలి పొడుపులుగా కొడితే రింగులు అరిగినట్టు. మూత లోపలి వైపు పెరుగులాంటి తెట్టు ఉందా అని కూడా చూశాడు, లేదు. కూలెంటు 90 డిగ్రీలు దాటి ఫ్యాను తిరిగి, ఆగి, మళ్లీ తిరిగేదాకా పావుగంట నిలబెట్టాడు. ఆ పావుగంట తొందరపడని కొనుగోలుదారుడు అరుదు.

ఇంజన్ ఆపి, కాస్త చల్లారాక ప్లగ్గులు మూడూ విప్పి కంప్రెషన్ గేజి బిగించాడు. పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో అది చూపిస్తుంది. అంకె కంటే మూడింటి మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటకూడదు. మూడూ 12 బార్ పైన, దాదాపు సమానం. రీడింగ్ 38,000 నిజమేనన్న నమ్మకానికి ఇది ఒక సాక్ష్యం. సర్వీసు రికార్డు రెండోది, బ్రేకు పెడల్ రబ్బరు మూడోది. మీటరు తిప్పినవాడు పెడల్ రబ్బరు మార్చడం మర్చిపోడు, అందుకే మేస్త్రి కొత్త రబ్బరు కనిపిస్తే ఎక్కువ అనుమానిస్తాడు. ఇక్కడ పాతదే, గళ్లు సగం అరిగి ఉన్నాయి.

తర్వాత స్కానరు. స్టీరింగు కింద సాకెట్లో పెట్టి ఫోన్‌లో చూస్తారు. తప్పుల కోడ్లు ఏమీ లేవని చాలామంది అక్కడితో సంతోషిస్తారు. మేస్త్రి ఇంకో పేజీ తిప్పుతాడు. బండి కంప్యూటరు తనను తాను పరీక్షించుకునే పనులు కొన్ని ఉంటాయి. కోడ్లు చెరిపేస్తే అవన్నీ మొదటికొస్తాయి, మళ్లీ పూర్తవడానికి బండి కొంత దూరం తిరగాలి. ఆ పరీక్షలు అసంపూర్తి అని చూపిస్తే ఎవరో నిన్న చెరిపారన్నమాట. ఇక్కడ అన్నీ పూర్తయ్యాయి. బ్యాటరీ ఆగి ఉండగా 12.5 వోల్టులు, నడుస్తుండగా 14.1. ఏసీ గాలి పది నిమిషాల్లో 8 డిగ్రీలకి దిగింది.

బండి ర్యాంపు ఎక్కించాం. అచ్యుతాపురం వాళ్లకి అసలు పరీక్ష ఇక్కడే. స్క్రూడ్రైవరు పిడితో గుమ్మాల కింది రేకు పొడుగునా తట్టుకుంటూ వెళ్లాడు. మంచి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్నది చప్పగా పలుకుతుంది. తలుపుల అడుగున నీరు పోయే కన్నాలు పూడిపోయాయా చూశాడు. తలుపులు లోపల నుంచి కుళ్లేది ఆ కన్నాలు పూడినందువల్లే. రెండు చోట్ల సైలెన్సర్ బ్రాకెట్ మీద పైపై తుప్పు, అంతే. టైర్ల పక్కన 4121 అని ఉంది, అంటే 2021లో 41వ వారం. బండితో వచ్చినవే, ముందు రెండూ 3 మిల్లీమీటర్లకి అరిగాయి. నాలుగూ మారిస్తే ఇరవై వేల పైమాటే.

రోడ్డు మీద అరగంట. లారీలు గోతులు చేసిన చోట అద్దాలు దించి, పాటలు ఆపి వినాలి. బుష్‌లు అరిగితే టకటక, షాక్ అబ్జార్బర్ పోతే గోతి తర్వాత రెండోసారి ఊగడం. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు వదులుగా పట్టి బండి ఎటు లాగుతోందో చూడాలి. క్లచ్‌కి పాత పరీక్ష: హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరులో క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగింది.

ధర దగ్గర మేస్త్రి మాట్లాడడు, ఒక కాగితం రాసిస్తాడు. టైర్లు, వైపర్లు, తలుపు పెయింటు, సర్వీసు: ముప్ఫై ఐదు వేలు. ఓనరు అడిగిన 5.60 లక్షల్లోంచి ఆ కాగితమే తగ్గించింది. 5.25కి ఖాయం చేసి, పదివేలు బయానా ఇచ్చాం. మిగతాది వెంటనే ఇవ్వలేదు. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంది. అప్పు తీరినా బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 పెట్టి ఆ పేరు కొట్టించాలి. అది అయ్యాకే డబ్బు. తర్వాత ఫారం 29 అమ్మేవాళ్లది, ఫారం 30 కొనేవాళ్లది. బదిలీ ఫీజు 300, కార్డు ఖర్చులు వేరు. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలపాలని చట్టం. ఇది అమ్మేవాళ్లకే ఎక్కువ అవసరం: ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బీమా 14 రోజుల్లో బావ పేరుకి మారాలి. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ వాళ్లతోనే వెళ్లిపోతుంది కాబట్టి ఆ తేడా మనం కట్టాలి.

800కి ఇంకో కొనుగోలుదారుడు దొరికేవాడే, కానీ ఆ ఫ్లోరుతో ఇంకొకరి పిల్లల్ని ఎక్కించడానికి బావ మనసు ఒప్పలేదు. రిజిస్టరైన తుక్కు కేంద్రానికి ఇస్తున్నారు. అక్కడ ముందు బ్యాటరీ, పెట్రోలు, ఆయిల్, కూలెంటు, ఏసీ గ్యాసు తీస్తారు. ఛాసిస్ నంబరున్న ముక్క కోసి వేరుగా భద్రపరుస్తారు, ఆ నంబరుతో ఇంకో బండి పుట్టకుండా. మిగిలిన సుమారు ఆరున్నర క్వింటాళ్ల బండికి తూకం మీద డబ్బు. దాంతోపాటు వచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త బండి కొంటే పన్నులో 25 శాతం దాకా రాయితీకి వీలుంది. బావ కొన్నది పాత బండి కాబట్టి ఆయనకి పనికిరాదు, కానీ దాన్ని ఇంకొకరికి బదిలీ చేయొచ్చు. మేనల్లుడు కొత్త కారు చూస్తున్నాడు, అతనికిస్తున్నారు.

ఆఖరి మెట్టు పంచ్‌కి తుప్పు మందు. ఫ్యాక్టరీ పూతతో సరిపెట్టుకుంటే పూడిమడక గాలికి చాలదు. ముందు కింద అంతా ప్రెషరు నీటితో కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టాలి. తడి మీద పూత కొడితే తుప్పుని లోపల దాచినట్టే. బ్రేకు డిస్కులు, సైలెన్సరు, సెన్సార్లు కాగితంతో కప్పి రబ్బరు పూత రెండుసార్లు కొడతారు, మధ్యలో గంట విరామం. తలుపుల లోపల, గుమ్మాల డొల్లల్లో పొడుగు గొట్టంతో మైనం స్ప్రే చేస్తారు, నీరు పోయే కన్నాలు మళ్లీ పుల్లతో తెరుస్తారు. మొత్తం 4,500 రూపాయలు. ఆ రాత్రంతా షెడ్డులోనే ఉంచి, మర్నాడు ఇచ్చేటప్పుడు మేస్త్రి బావకి ఒకే జాగ్రత్త చెప్పాడు: నెలకోసారి పైన కడిగినా కడక్కపోయినా కింద మాత్రం మంచినీళ్లతో కడగాలి, కడిగిన వెంటనే నీడలో పెట్టకుండా పది కిలోమీటర్లు తోలాలి.